పొరుగువాడు తెచ్చిన కబురు

నందికొట్కూరు వంటి ఊళ్లలో ఈ మధ్య చాలా ముస్లిం ఇళ్లలో ఒకే వాదన వినిపిస్తోంది. ఇంటర్ చదివే అమ్మాయి తనకూ ఒక ఫోను కావాలంటుంది. పాఠాలన్నీ అందులోనే ఉన్నాయంటుంది. కోచింగు కోసం ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని కర్నూలుకు రోజూ బస్సులో పోయి రావడం కంటే ఇది నయం కదా అని అడుగుతుంది. తండ్రి ఒప్పుకోడు. ఫోను పిల్లల్ని పాడు చేస్తుందంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. కాని ఆ మాట అంటున్న సమయంలోనే ఆయన కొడుకు అరుగు మీద కూర్చుని అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ ఉంటాడు. ఆయన చేతిలోనూ ఒక ఫోను ఉంటుంది. పొద్దుటి నుంచి అందులోకి వచ్చిన సందేశాల్లో సగం ఆయన పూర్తిగా చదవకుండానే నలుగురికీ పంపి ఉంటాడు.

ఒకే ఇంట్లో మూడు ధోరణులు! ఒకరికి ఫోను నిషిద్ధం. ఒకరికి అడ్డూ అదుపూ లేదు. మరొకరు తాను పంచుతున్నది జ్ఞానమో, అజ్ఞానమో ఆలోచించడం లేదు. ఈ ముగ్గురిలో ఎవరిది సరైన మార్గం? అసలు ఫేస్‌బుక్కులో, యూట్యూబులో, వాట్సాప్ గ్రూపుల్లో దొరికేదాన్ని విద్య అనవచ్చునా? దాన్ని ఆర్జించడంలో, ఇతరులకు అందించడంలో విశ్వాసి పాటించవలసిన హద్దులేమిటి?

పరికరం కొత్తది కావచ్చు. ప్రశ్న మాత్రం పాతదే. మరొకరి నోటి ద్వారా మనకు చేరిన విషయాన్ని ఎలా స్వీకరించాలి? దాన్ని మన నుంచి మరొకరికి ఎలా చేరవేయాలి? ఈ ప్రశ్నకు మన ముందు తరాల వారి జీవితాల్లోనే స్పష్టమైన సమాధానం ఉంది.

వంతులవారీగా విద్య

హజ్రత్ ఉమర్ (రజి) స్వయంగా చెప్పిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన మదీనా ఎగువ ప్రాంతంలో, మస్జిదె నబవీకి దూరంగా నివసించేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి ప్రతిరోజూ వెళ్లడం ఆయనకు వీలయ్యేది కాదు. బతుకుతెరువు పనులు కూడా చూసుకోవాలి కదా! ఆయన పొరుగున ఒక అన్సారీ సోదరుడు ఉండేవాడు. ఆయనదీ అదే ఇబ్బంది. అందుకని ఇద్దరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకరోజు ఈయన వెళ్లేవారు, మరుసటి రోజు ఆయన వెళ్లేవాడు. వెళ్లినవారు ఆ రోజు అవతరించిన వహీ సంగతులూ ఇతర విషయాలూ తిరిగి వచ్చి రెండోవారికి వినిపించేవారు.

ఈ చిన్న సంఘటనలో మనకు ఎన్నో పాఠాలున్నాయి. వారిద్దరూ పనిపాటల్ని సాకుగా చూపి విద్యను వదులుకోలేదు. విద్య పేరుతో సంసార బాధ్యతల్నీ వదిలేయలేదు. దూరాన్ని అడ్డంకిగా భావించలేదు. ఒకరోజు గురువైనవారు మరుసటి రోజు శిష్యులయ్యారు. హజ్రత్ ఉమర్ (రజి) వంటి మహనీయులు సైతం పొరుగువాని నోటి నుంచి నేర్చుకోవడాన్ని నామోషీగా తలచలేదు.

కనుక, గురువు ఎదుట కూర్చుని నేర్చినది తప్ప మిగతాదంతా వ్యర్థమని తీర్మానించడం సరికాదు. దూరాన ఉన్నవారికి జ్ఞానం చేరడానికి మధ్యలో ఒక మనిషి, ఒక సాధనం ఉండటం దోషం కాదు. ఆనాడు ఆ సాధనం ఒక పొరుగువాడు. నేడు కోట్లాది పొరుగువారు ఒక చిన్న ఫోనులో వచ్చి మన గడప ముందు నిలబడుతున్నారు.

షెడ్డులో సాగే చదువు

యూట్యూబు 2005లో, వాట్సాప్ 2009లో వచ్చాయి. అయితే మన ప్రాంతపు సామాన్య కుటుంబాల్లోకి ఇవి నిజంగా ప్రవేశించింది 2016 తర్వాతే. ఆ ఏడాది సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. అంతవరకు నెలకు ఒకసారి నెట్ సెంటరుకు వెళ్లి దరఖాస్తు నింపుకుని వచ్చే కుర్రవాడి చేతిలోకి ఒక గ్రంథాలయమే వచ్చి చేరింది. అదే చేతిలోకి ఒక సంతబజారూ వచ్చి చేరింది.

దీనివల్ల కలిగిన మేలును తక్కువ చేసి చెప్పకూడదు. రాయలసీమ పట్టణాల్లో మోటారు సైకిళ్ల మెకానిక్ షెడ్లు నడిపే మన సోదరుల సంగతే తీసుకుందాం. వారిలో చాలామంది చిన్నతనంలోనే బడి మానేసి ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవారు. ఇంజను శబ్దం విని రోగం చెప్పగలిగేవారు. కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేసి బిగించడం వారికి వెన్నతో పెట్టిన విద్య. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్.6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. కొత్తగా వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బ్యురేటరే లేకుండా పోయింది. పెట్రోలు ఎంత పోవాలో సెన్సర్లు, ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తున్నాయి. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న ఉస్తాద్ కూడా ఆ బండి ముందు మళ్లీ విద్యార్థి అయ్యాడు.

అలాంటివారికి ఏ కళాశాల తలుపు తెరిచింది? ఏ వయోజన విద్యా కేంద్రం పాఠం చెప్పింది? చాలామందికి దారి చూపింది తోటి మెకానిక్కులే. ఏదో ఊరిలోని మెకానిక్ తాను విప్పిన బండిని వీడియో తీసి పెడితే, మరో ఊరిలో ఒకరు దాన్ని చూసి నేర్చుకున్నారు. బండిలో వెలిగిన లైటు ఎన్నిసార్లు మిణుకుమంటోందో గ్రూపులో రాస్తే, అది ఏ సెన్సరు లోపమో తెలిసినవారు చెప్పారు. రేపు ఆ తెలిసినవారికే మరో సందేహం రావచ్చు. అప్పుడు వీరు చెబుతారు. ఉమర్ (రజి), ఆయన పొరుగువాడు పాటించిన వంతుల పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి! ఇంట్లో కూర్చుని మగ్గం పని, కుట్టుపని చేసే సోదరీమణులు కొత్త నమూనాలు నేర్చుకుంటున్నదీ ఈ విధంగానే.

విద్యార్థుల విషయమూ అంతే. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఎందరో ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపుల ద్వారానే పిల్లలకు పాఠాలు పంపారు. దూరదర్శన్ సప్తగిరిలోనూ పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంట్లో ఫోను ఉండి, దాన్ని చేతికిచ్చే తల్లిదండ్రులున్న పిల్లలు కొంతైనా నెట్టుకువచ్చారు. లేనివారు వెనుకబడిపోయారు. కనుక ఈ సాధనాన్ని అసలు ముట్టుకోమనడం సులువే కాని, దాని మూల్యం చెల్లించవలసింది మన పిల్లలే.

అదే పొరుగువాడు, మరో రాత్రి

ఇంతవరకు మనం ఆ హదీసులో మొదటి భాగమే చూశాం. రెండో భాగం మనకు ఇంకా ముఖ్యమైనది.

ఒక రాత్రి ఆ అన్సారీ పొరుగువాడు వచ్చి ఉమర్ (రజి) ఇంటి తలుపును గట్టిగా బాదాడు. ఉమర్ (రజి) కంగారుగా బయటికి వచ్చారు. ఘోరం జరిగిపోయిందన్నాడు పొరుగువాడు. గస్సాన్ వంశస్థులు మదీనాపై దండెత్తి వస్తారన్న భయం ఆ రోజుల్లో ఉండేది. వారేమైనా వచ్చారా అని ఉమర్ (రజి) అడిగారు. అంతకంటే పెద్ద విషయమే జరిగింది, దైవప్రవక్త (స) తమ సతీమణులకు విడాకులు ఇచ్చారని ఆయన చెప్పాడు. ఉమర్ (రజి) గారి కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) కూడా ఆ సతీమణులలో ఒకరు. ఆ వార్త విన్న తండ్రి మనసు ఎలా తల్లడిల్లి ఉంటుందో ఊహించండి!

ఆయన ఏం చేశారు? మరో నలుగురి తలుపులు తట్టి ఆ వార్త చెప్పలేదు. తెల్లవారి ఫజ్ర్ నమాజు దైవప్రవక్త (స) వెనుక చేశారు. ఆ తర్వాత కుమార్తె దగ్గరికి వెళ్లారు. ఆమె ఏడుస్తోంది. విడాకులు ఇచ్చారా అని అడిగితే, తనకు తెలియదన్నది. మస్జిద్‌లో మింబర్ దగ్గర కొందరు కూర్చుని కన్నీరు పెడుతున్నారు. అంటే వార్త అప్పటికే పాకిపోయింది. ఉమర్ (రజి) అక్కడా ఆగలేదు. దైవప్రవక్త (స) ఏకాంతంగా ఉన్న మేడగది దగ్గరికి వెళ్లి, సేవకుని ద్వారా అనుమతి కోరారు. జవాబు రాలేదు. తిరిగి వచ్చారు. మళ్లీ వెళ్లారు. మూడోసారి గాని అనుమతి లభించలేదు. లోపలికి వెళ్లి నిలబడే, మీరు మీ సతీమణులకు విడాకులు ఇచ్చారా అని అడిగారు. దైవప్రవక్త (స) తల ఎత్తి చూసి, లేదన్నారు. ఉమర్ (రజి) నోట తక్బీర్ వెలువడింది. జరిగింది ఒక నెలపాటు దూరంగా ఉండాలన్న నిర్ణయం మాత్రమే. జనం దాన్ని విడాకులుగా భావించారు.

ఇక్కడ మనం ఒక విషయం బాగా ఆలోచించాలి. ఆ పొరుగువాడు అబద్ధాలకోరు కాదు. కపటి అసలే కాదు. అన్నాళ్లూ నమ్మకంగా విద్యను చేరవేసిన మనిషి. కాని ఆ రాత్రి ఆయన చెప్పింది నిజం కాదు. మంచి మనిషి చెప్పినంత మాత్రాన వార్త మంచిదైపోదు. పది రోజులు సరైన విషయాలు చెప్పిన నోరు పదకొండో రోజు పొరపడవచ్చు. అంతమాత్రాన ఉమర్ (రజి) ఆ పొరుగువాణ్ణి తప్పు పట్టలేదు, వంతుల పద్ధతి అసలు వద్దనీ అనలేదు. తానే స్వయంగా వెళ్లి మూలాన్ని అడిగి తెలుసుకున్నారు.

మన సమస్యకు సమాధానం ఇందులోనే ఉంది. పొరుగువాడి నుంచి నేర్చుకోవాలి. పొరుగువాడి కబురు విని ఊరంతా పరుగెత్తకూడదు. ఎంత దూరమైనా, ఎన్నిసార్లు తిరగవలసి వచ్చినా అసలు తలుపు తట్టాలి.

సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం ప్రకారం ఈ సందర్భంలోనే సూరయె నిసాలోని 83వ ఆయత్ అవతరించింది. శాంతికి గాని, భయానికి గాని సంబంధించిన ఏ వార్త వచ్చినా వెంటనే చాటింపు వేసేవారిని అందులో అల్లాహ్ తప్పుపట్టాడు. దాన్ని దైవప్రవక్తకు, బాధ్యతగల పెద్దలకు నివేదించి ఉంటే, అందులోని నిజానిజాలు తేల్చగలిగినవారు తేల్చి ఉండేవారని తెలిపాడు. వార్త తెచ్చిన వ్యక్తి విషయంలో విచారణ చేసుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరయె హుజురాత్ 6వ ఆయత్ హెచ్చరించింది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) బోధించారు. విన్నదల్లా పంపించే వేలికీ ఇది వర్తించదా?

చెప్పిందెవరు?

హదీసు విద్యను కాపాడటానికి మన పండితులు ఒక గొప్ప పద్ధతిని అనుసరించారు. అదే సనద్. ఈ మాట నాకు ఫలానా వారు చెప్పారు, వారికి ఫలానా వారు చెప్పారు అంటూ దైవప్రవక్త (స) వరకు ప్రతి ఒక్కరి పేరు చెప్పాలి. అందులో ప్రతి ఒక్కరి నడవడి, జ్ఞాపకశక్తి పరిశీలించబడేవి. మధ్యలో ఒక పేరు తెగిపోతే ఆ మాట బలహీనమైనదిగా పరిగణించబడేది. మాట ఎంత అందంగా ఉన్నా సరే. హజ్రత్ జాబిర్ (రజి) ఒకే ఒక హదీసు కోసం ఒంటెను కొనుక్కుని నెల రోజులు ప్రయాణించి సిరియా వెళ్లారు. ఆ హదీసు ఆయనకు అంతకుముందే మరొకరి ద్వారా చేరింది. అయినా దాన్ని స్వయంగా విన్న సహాబీ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) నోటి నుంచే వినాలనుకున్నారు.

నేడు మన ఫోనుకు వచ్చే సందేశానికి సనద్ ఏది? 2018 జూలై నుంచి వాట్సాప్ ఇతరుల నుంచి వచ్చిన సందేశంపై ‘ఫార్వర్డెడ్’ అన్న ముద్ర వేస్తోంది. ఆ సందేశం చేతులు మారి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది. మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పదు. అంటే సనద్ తెగిపోయిందని ఆ యంత్రమే మనకు హెచ్చరిస్తోంది. మనమే దాన్ని పట్టించుకోవడం లేదు.

ఈ విషయంలో మేము ఇతరులకు నీతులు చెప్పే ముందు మా తప్పును ఒప్పుకోవాలి. రమజాన్ నెల రాక గురించి అందరికంటే ముందు తెలియజేసిన వానికి నరకాగ్ని నిషిద్ధమైపోతుందని ఒక ‘హదీసు’ ఏటా ఫోన్లలో తిరుగుతుంటుంది. ఒక సంవత్సరం మేము కూడా దాన్ని పుణ్యకార్యంగా భావించి బంధుమిత్రులకు పంపాం. అలాంటి హదీసు ఏ ప్రామాణిక గ్రంథంలోనూ లేదని, అది కల్పితమని ఒక ఆలిమ్ చెప్పినప్పుడు సిగ్గుతో తల వంచుకున్నాం. దైవప్రవక్త (స) అననిదాన్ని ఆయనకు ఉద్దేశపూర్వకంగా అంటగట్టినవాడు నరకంలో తన స్థానాన్ని సిద్ధం చేసుకోవాలన్న హెచ్చరిక మనకు తెలియనిది కాదు. మేము ఉద్దేశపూర్వకంగా చేయలేదన్నది నిజమే. విచారించకుండా చేశామన్నదీ నిజమే. ఆ సందేశం పంపినవారందరికీ మళ్లీ విడివిడిగా తప్పు దిద్దుతూ రాశాం. మొదటి సందేశాన్ని ఎందరో ఇతరులకు పంపారు. దిద్దుబాటును పంపినవారు ఇద్దరో ముగ్గురో!

అసత్య వార్త మనిషి ప్రాణం కూడా తీయగలదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు 2018లో దేశమంతటా ఫోన్ల ద్వారా వ్యాపించాయి. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఐదుగురు నిరుపేద సంచార జాతివారిని జనం కొట్టి చంపారు. అదే పుకారు కర్నూలు నుంచి తుంగభద్ర దాటితే వచ్చే జోగులాంబ గద్వాల జిల్లా గ్రామాలకూ చేరింది. అప్పటి ఎస్.పి. రెమా రాజేశ్వరి గారు గ్రామానికో పోలీసును కేటాయించి, జనం మధ్యకు పంపారు. డప్పు కళాకారుల చేత పాటలు పాడించి, సందేశాన్ని నమ్మే ముందు విచారించుకోవాలని ఊరూరా చెప్పించారు. ఆమె పరిధిలోని నాలుగు వందలకు పైగా గ్రామాల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఫోన్లను లాక్కోవడం వల్ల ఈ మేలు జరగలేదు. విచారణ అలవాటు చేయడం వల్ల జరిగింది.

2020 ఏప్రిల్‌లో ఆ బాణం మన వైపే తిరిగింది. కరోనాను ముస్లింలే వ్యాపింపజేస్తున్నారంటూ సామాజిక మాధ్యమాల్లో సాగిన ప్రచారం మన ఇళ్లలో ఎన్ని రాత్రుల నిద్ర పాడు చేసిందో మనకు తెలుసు. అదే నెలలో కర్నూలులో పేదల వైద్యుడిగా, రెండు రూపాయల డాక్టరుగా పేరుపొందిన డాక్టర్ ఇస్మాయిల్ హుస్సేన్ గారు కరోనా సోకి మరణించారు. మతం చూడకుండా దశాబ్దాల పాటు వైద్యం చేసిన ఆయన సేవలను అన్ని వర్గాల వారూ తలచుకున్నారు. నింద ఏ దారిన వచ్చిందో, ఆయన జీవిత సత్యమూ అదే దారిన ఊరూరికీ చేరింది.

అయితే నిందకు గురైన బాధ మనకు ఒక బాధ్యతను కూడా నేర్పాలి. ఇతరుల గురించి, ఇతర మతస్థుల గురించి మన గ్రూపుల్లోకి వచ్చే సందేశాలను మనం విచారించామా? కరోనా టీకా గురించి వచ్చిన భయాల్ని ఎందరికి పంపాం? ఒక జాతిపై ఉన్న ద్వేషం సైతం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదన్నది ఖుర్ఆన్ ఆదేశం. మనకు జరిగితే పుకారు, ఇతరులకు జరిగితే సమాచారం కాజాలదు.

చూడటం వేరు, నేర్చుకోవడం వేరు

మరో ప్రమాదం కూడా ఉంది. అది అబద్ధం వల్ల కాదు, నిజమైన సమాచారం వల్లే వస్తుంది. వంద పాఠాలు చూసినవాడు తనకు వంద విషయాలు తెలుసనుకుంటాడు. ఈత వీడియోలు వంద చూసినవాణ్ణి కె.సి. కాలువలో దించండి, వాడికి ఏం తెలుసో బయటపడుతుంది!

విద్య మన సొంతం కావాలంటే చేతులు కదలాలి, తప్పులు జరగాలి, ఆ తప్పును చూపించే మనిషి ఎదురుగా ఉండాలి. వీడియో మన ప్రశ్నను వినదు, మన తప్పును చూడదు. అందుకే ఉస్తాద్ స్థానం ఉస్తాద్‌దే. ఫోను ఆయన దగ్గరికి మరింత మంచి ప్రశ్నతో వెళ్లడానికి తోడ్పడాలి. అంతేగాని ఆయన అవసరమే లేదనిపించకూడదు.

ఇతరుల సొత్తు మీద, శరీరం మీద చేసే పనిలో ఇది మరీ ముఖ్యం. వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని హదీసు తెలుపుతోంది. సగం వీడియో చూసి బండి సెన్సరు తీగ కత్తిరించిన మెకానిక్కుకూ, ఏదో సందేశం చదివి షుగరు మాత్రలు మానేయమని బంధువుకు సలహా ఇచ్చిన పెద్దమనిషికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. వాహనదారుడు మనకు అప్పగించిన బండి అమానత్. బంధువు మనపై ఉంచిన నమ్మకం కూడా అమానతే. తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా విద్యలో ఒక భాగమే.

ఇక కాలం సంగతి. ఒక పాఠం కోసం ఫోను తెరిచినవాడు దాని కింద కనిపించిన మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి చూస్తూ ఇషా నుంచి అర్ధరాత్రి వరకు కూర్చుంటాడు. ఫజ్ర్ పోతుంది. ఈ సంస్థలకు ఆదాయం ప్రకటనల మీద వస్తుంది. మనం ఎంతసేపు చూస్తే వారికి అంత లాభం. మనకు ఏం కావాలో మనం నిర్ణయించుకోకుండా తెరిస్తే, మనం ఏం చూడాలో వారే నిర్ణయిస్తారు. వినికిడి, చూపు, హృదయం, వీటన్నిటి గురించి తీర్పుదినాన ప్రశ్నించడం జరుగుతుందని సూరయె బనీ ఇస్రాయీల్ 36వ ఆయత్ తెలుపుతోంది. ఫోను పట్టి ఉంచేదీ సరిగ్గా ఈ మూడింటినే.

ఇంటి ఆడపిల్ల సంగతి

ఇన్ని ప్రమాదాలున్నప్పుడు, ఆడపిల్లకు ఫోను ఇవ్వనన్న ఆ తండ్రి మాటే సరైనది కదా అని కొందరు అనవచ్చు. ఆ తండ్రి భయాన్ని మనం తేలిగ్గా తీసివేయడం లేదు. అపరిచితుల వలలు, ఫొటోల దుర్వినియోగం, బెదిరింపులు, డబ్బు మోసాలు అన్నీ వాస్తవాలే. కాని భయం నిజమైనంత మాత్రాన దానికి మనం ఎంచుకున్న మందు న్యాయమైనది కావాలని లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసు పురుషుల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు సుమారు 49 శాతం. స్త్రీలలో సుమారు 21 శాతం మాత్రమే. ఈ అంతరంలో అన్ని మతాల ఇళ్లూ ఉన్నాయి. మనవీ ఉన్నాయి. ప్రమాదం ఇద్దరికీ ఉన్నప్పుడు నిషేధం ఒకరికే ఎందుకు? చూపులు దించుకోమన్న ఆజ్ఞ సూరయె నూర్‌లో ముందు పురుషులకు వచ్చింది. స్త్రీలకు ఆ తర్వాతి ఆయత్‌లో వచ్చింది. మనం మాత్రం రెండో ఆయత్‌ను ఇంట్లో అమలు చేసి, మొదటిదాన్ని అరుగు మీద వదిలేశాం!

మళ్లీ ఉమర్ (రజి) గారి ఇంటికే వెళదాం. ఆయన కుమార్తె హఫ్సా (రజి)కి హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ రాయడం నేర్పారు. ఒక వ్యాధికి చదివే దుఆను కూడా రాత నేర్పినట్టే ఆమెకు నేర్పమని దైవప్రవక్త (స) షిఫా (రజి)కి చెప్పినట్లు అబూ దావూద్ హదీసులో ఉంది. రాయడం తెలిసినవారే అరుదుగా ఉన్న సమాజం అది. తర్వాతి కాలంలో, హజ్రత్ అబూబకర్ (రజి) హయాంలో సంకలనం చేయబడిన ఖుర్ఆన్ ప్రతి చివరికి చేరింది ఈ హఫ్సా (రజి) దగ్గరికే. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు రాయించడానికి దాన్ని ఆమె వద్ద నుంచే తెప్పించుకున్నారు. పొరుగువాడితో వంతులు వేసుకుని నేర్చుకున్న ఆ తండ్రి ఇంట్లో, కూతురు కూడా విద్యావంతురాలే అయింది.

మరో సందర్భంలో స్త్రీలు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మీ దగ్గర నేర్చుకోవడంలో పురుషులు మమ్మల్ని మించిపోయారు, మాకోసం ఒక రోజు కేటాయించండని కోరారు. ఆయన వారిని మందలించలేదు. రోజు కేటాయించి బోధించారు. నందికొట్కూరులో ఫోను అడుగుతున్న అమ్మాయి అడిగేది కూడా దాదాపు అదే కదా! తనకూ ఒక వంతు కావాలంటోంది.

కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషితో ఉస్మానియా కళాశాల ఏర్పడింది. ఆయన పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో ఏర్పాటయింది. ఆ తలుపుల వరకు పోలేని పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు. వారికి ఇంటి గడప దాకా వచ్చిన విద్యను కూడా మనమే వెనక్కి పంపితే, రేపు అల్లాహ్ ముందు ఏం జవాబు చెబుతాం?

ఆచరణకు కొన్ని మాటలు

మొదటిది, ఫోనును ఇంటి నడిమధ్యకు తెద్దాం. కొడుకుకైనా, కూతురికైనా, తండ్రికైనా ఒకే నియమం ఉండాలి. పడకగదిలో, అర్ధరాత్రి ఎవరికీ వద్దు. అందరూ తిరిగే చోట, నిర్ణయించిన సమయంలో అందరికీ ఉండాలి. తాను పాటించని నియమాన్ని తండ్రి పిల్లల చేత పాటింపజేయలేడు.

రెండోది, ఏం నేర్చుకోవాలో ముందే కాగితంపై రాసుకుని ఫోను తెరుద్దాం. నమ్మదగిన చోట్ల నుంచి మొదలుపెడదాం. ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకులు 2003 నుంచి ఎన్‌పీటెల్ పేరిట తయారుచేసిన పాఠాలు యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి. 2017లో ప్రారంభమైన స్వయం, దీక్ష వేదికల్లో కళాశాల, పాఠశాల పాఠాలు ఉన్నాయి. పాఠం చూశాక ఫోను మూసి, అర్థమైనది నోటు పుస్తకంలో సొంత మాటల్లో రాయాలి. రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట.

మూడోది, నేర్చుకున్నదాన్ని మరొకరికి చెబుదాం. అన్న చూసిన పాఠం చెల్లెలికి చెప్పాలి, చెల్లెలు చూసింది అన్నకు చెప్పాలి. వంతుల పద్ధతి మన ఇంట్లోనే మొదలుకావచ్చు.

నాలుగోది, మూలం తెలియని సందేశం మన దగ్గరే ఆగిపోవాలి. ధర్మానికి సంబంధించినదైతే ఆలిమ్‌ను అడగాలి. ఆరోగ్యానికి సంబంధించినదైతే డాక్టరును, చట్టానికి సంబంధించినదైతే న్యాయవాదిని అడగాలి. అడిగే తీరిక లేకపోతే పంపే తీరిక కూడా ఉండకూడదు. తప్పు పంపామని తెలిస్తే, ఎంతమందికి పంపామో అంతమందికీ దిద్దుబాటు పంపాలి.

ఐదోది, కష్టం వస్తే పిల్లలు ముందుగా మనకే చెప్పగలిగేలా ఉందాం. తిడతారన్న భయంతో దాచిపెట్టే పిల్లలే మోసగాళ్లకు సులువుగా చిక్కుతారు. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ప్రియ పాఠకులారా! పొరుగువాడు మన తలుపు తడుతూనే ఉంటాడు. ఒక పగలు అతను విద్య తెస్తాడు, ఒక రాత్రి పుకారు తెస్తాడు. తలుపు శాశ్వతంగా మూసేస్తే విద్య పోతుంది. బార్లా తెరిచి నిద్రపోతే ఇల్లే పోతుంది. తలుపు దగ్గర మేలుకొని నిలబడటం కష్టమైన పని. కాని ఇంటి పెద్దకు అల్లాహ్ అప్పగించిన పని అదే. ఆ తండ్రి ఈ రాత్రి తన ఫోనును కూతురి ముందు పెట్టి, నువ్వు నేర్చుకున్నది రేపు నాకు చెప్పమ్మా అని అడగగలిగితే, ఆ ఇంట్లో వాదన ముగిసి విద్య మొదలవుతుంది.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! విన్నదాన్ని విచారించే ఓర్పును, తెలిసినదాన్ని ఆచరించే శక్తిని, తప్పును దిద్దుకునే ధైర్యాన్ని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.